ఎవరితో వచ్చావు?

దుప్పటి నాలుగో మూలను పరుపు కిందికి దోపుతుండగా ఆయమ్మకు ఎడమ భుజం దగ్గర ఎవరో గిల్లినట్టయింది. ఆగి, చెయ్యి ఒకసారి విదిలించుకుని, మళ్ళీ దోపింది. అది పిల్లల మంచం. ఇనుపది, పొట్టిది. ఐదో తరగతిలో కాస్త పొడుగు సాగిన వాళ్ళు పడుకుంటే పాదాలు చివరి కమ్మీకి తగులుతాయి. ఆ మంచం, గాజు తలుపుల బీరువా, ఒక స్టూలు, ఒక చిన్న బల్ల, చేతులు కడుక్కునే తొట్టి. మెట్ల కింద మిగిలిన జాగాలో అంతకు మించి పట్టదు. మెట్ల మీద పిల్లలు దిగినప్పుడల్లా పైనుంచి సున్నం పొడి రాలుతుంది కాబట్టి రోజూ పొద్దున్నే ఆమె చేసే మొదటి పని దుప్పటి మార్చడం. రెండోది చెంచాలు మరిగించడం.

చెంచాలు పన్నెండు. ఆమె ఏది ఇచ్చినా చెంచాతోనే ఇస్తుంది. వాంతి చేసుకున్న పిల్లకు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పోస్తుంది. ఎండలో ఆడి కళ్ళు తిరిగిన వాడికీ అంతే. గ్లాసుతో ఇస్తే గటగటా తాగేసి వెళ్ళిపోతారు, చెంచాతో అయితే తాగినంతసేపూ కూర్చోక తప్పదు, ఆ కూర్చున్నంతసేపూ ఏదో ఒకటి చెబుతారు. అందుకని పిల్లలు ఆమెకు చెంచా ఆయమ్మ అని పేరు పెట్టారు. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా ఉన్నట్టు లేదు.

ఆమె నర్సు కాదు. ఊడ్చే పనికి చేరింది. అప్పట్లో ఈ గదిలో ఉన్న నర్సు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతూ, "కొత్తావిడ వచ్చేదాకా తాళం నీ దగ్గరుంచు" అని చేతిలో పెట్టింది. ఇరవై రెండేళ్ళయినా ఆ కొత్తావిడ రాలేదు. వెళ్ళేముందు నర్సు నాలుగు ముక్కలు నేర్పింది. జ్వరం కొలవడం, దెబ్బ కడగడం, కట్టు కట్టడం, అనుమానం వస్తే ఆలోచించకుండా ఇంటికి ఫోను చేయించడం. మాత్ర మాత్రం చచ్చినా ఇవ్వకూడదు. ఆయమ్మ ఆ నాలుగు ముక్కలూ తు.చ. తప్పకుండా పాటించింది. అయిదోది తనకు తానే నేర్చుకుంది.

ఆ అయిదోది ఏమిటంటే, తలుపు దగ్గరికి వచ్చిన పిల్లను ఏం నొప్పి అని కాకుండా, ఎవరితో వచ్చావని అడగడం.

ఈ పొద్దున్నే చూడండి. మొదటి పీరియడు సగంలో రెండో తరగతి పిల్లాడు ముక్కు నుంచి నెత్తురు కారుతూ వచ్చాడు. వెంట నలుగురు. ఒకడు వాడి తల పట్టుకున్నాడు, ఒకడు వాడి చెప్పులు పట్టుకున్నాడు, ఒకతె తన చేతిరుమాలు తడిపి తెచ్చింది, నాలుగోవాడు ఊరికే "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ ఖాళీ వరండాలో దారి చేస్తున్నాడు. పెళ్ళికి వెళ్ళేవాళ్ళకు కూడా అంత హడావిడి ఉండదు. ఆయమ్మ వాడిని ముందుకు వంచి కూర్చోబెట్టి, ముక్కు మెత్తటి భాగం నొక్కి పట్టుకుంది.

"ఎవరితో వచ్చావురా?"

"బీలందరితో," అన్నాడు వాడు, నొక్కిన ముక్కుతో.

అందరూ నవ్వారు, వాడు కూడా. అటువంటి వాడి గురించి ఆమెకు బెంగ లేదు. నెత్తురు అయిదు నిమిషాల్లో ఆగుతుంది. ఆమె బెంగపడేది ఒంటరిగా వచ్చేవాళ్ళ గురించి. తలనొప్పి అంటూ, కాలు లాగుతోందంటూ, గుమ్మం బయట నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూసే వాళ్ళ గురించి. ఆ నొప్పులకు జ్వరం ఉండదు, వాపు ఉండదు. అలాగని పిల్లల విషయంలో ఒంటరిగా వచ్చారన్న ఆ లెక్కనొక్కదాన్నే ఆమె ఎప్పుడూ నమ్మలేదు. జ్వరం కొలిచి, పొట్ట నొక్కి, ఒంటికాలి మీద గెంతించి, అన్నీ చూశాకే మనసులో 'ఇది ఆ నొప్పే' అనుకునేది.

అలాంటి నొప్పికి ఆమె చేసే వైద్యం కూడా ఆమెదే. తనకేదో ఒక జబ్బు తెచ్చిపెట్టుకునేది. "కళ్ళు మసకలేస్తున్నాయర్రా, ఈ సూదిలో దారం ఎక్కించండి" అని మాట్లాడుకోని ఇద్దరి చేతిలో సూదీ దారం పెట్టేది. "నా నడుం పట్టేసింది, ఈ దుప్పటి మీరిద్దరూ చెరో కొసా పట్టుకుని మడతపెట్టండమ్మా" అనేది. చెరో కొసా పట్టుకున్నాక దగ్గరికి రాకుండా దుప్పటి మడత పెట్టడం ఎవరి తరమూ కాదు. ఈ నాటకం బడి మొత్తానికీ తెలుసు. ఆయమ్మకు లేని జబ్బు లేదు, ఉన్న జబ్బూ లేదు అని టీచర్లు నవ్వుకునేవారు.

ఇంట్లో ఆమె వదిన మాత్రం నవ్వేది కాదు. ఆయమ్మ భర్త నీటి మోటార్లు బాగుచేసేవాడు. పెళ్ళయిన అయిదో ఏట కాలం చేశాడు. పిల్లలు లేరు. పది రోజులు ఉండి వెళతానంటూ తన అన్న ఇంటికి వచ్చి ముప్ఫై ఏళ్ళు ఉండిపోయింది. అన్న కూడా పోయి ఎనిమిదేళ్ళయింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఆ రెండు గదుల ఇంట్లో వదినా ఆడపడుచులిద్దరూ రోజూ ఖణఖణలాడుతూనే ఇమిడిపోయారు. ఈ పొద్దున అన్నం డబ్బా సర్దుతూ ఆయమ్మ చెయ్యి రుద్దుకోవడం వదిన కంట్లో పడింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎన్నాళ్ళేంటి, రాత్రి పక్క మీద తేడాగా పడుకున్నాను."

"మొహం చూడు ఎలా పాలిపోయిందో. పద, డాక్టరుకి చూపిద్దాం."

"ఇవాళ కాదు వదినా. పిచుక సంగతి తేలనీ."

"ఊళ్ళో పిల్లలందరి కడుపునొప్పీ నీకు కావాలి గానీ, నీ చెయ్యి నీకక్కర్లేదు. నిన్నని ఏం లాభం, మీ అన్న కూడా ఇంతే," అంటూ వదిన డబ్బా మూత ఠక్కున నొక్కింది.

పిచుక అంటే మూడో తరగతి పిల్ల. ఆ పేరు ఆయమ్మ పెట్టుకున్నదే. పిల్ల నిజంగా అంత ఉంటుంది. బడి తెరిచిన రెండో నెలలో ఆ పిల్ల తలలో పేలు పడ్డాయి. పేలు పడని తల ఏ బడిలో ఉంటుంది? కానీ ఈ పిల్ల తల్లి బెదిరిపోయి జుట్టంతా గుండుకు దగ్గరగా కత్తిరించేసింది. దాంతో తెలియని వాళ్ళకు కూడా తెలిసింది. తరగతిలో ఒక ఆట మొదలైంది. పిచుకను తాకిన వాళ్ళకు పేను పట్టినట్టు. వాళ్ళు వెంటనే ఇంకొకరిని తాకి వదిలించుకోవాలి. పేలు పదిహేను రోజుల్లో పోయాయి. జుట్టు మళ్ళీ చెవుల దాకా పెరిగింది. ఆట మాత్రం అలాగే నిలిచిపోయింది. నలుగురు కూర్చునే బెంచీ మీద పిచుక ఒక్కతే కూర్చుంటుంది, మిగిలిన ముగ్గురూ వెనక బెంచీలో ఇరుక్కుంటారు.

అప్పటి నుంచి ఆ పిల్లకు రోజూ కడుపునొప్పి.

పదింటికి హెడ్‌మిస్ట్రెస్ గారు ఆయమ్మ గదికి వచ్చారు. మామూలుగా ఆవిడ కబురు పెడతారు గానీ రారు. తల వంచి మెట్ల కిందికి దూరి, కూర్చోకుండానే చెప్పారు.

"ఆయమ్మా, ఆ పిల్ల వాళ్ళమ్మ సాయంత్రం నాలుగింటికి వస్తోంది. టీసీ రాసి పెట్టాను."

ఆయమ్మ చేతిలోని దూది బల్ల మీద పెట్టింది. "వేరే బడికి పంపుతుందటా?"

"అవును. ఇప్పటికే ఇది రెండో బడి. నేను వద్దనే చెప్పాను. ఆవిడ ఒక్క మాట అడిగింది. పక్కన కూర్చునే పిల్ల ఒక్కతి కూడా లేని చోటికి నా కూతుర్ని ఏమని పంపనండీ, అంది."

"మీరు తరగతిలో గట్టిగా చెప్పారు కదమ్మా."

"చెప్పాను. టీచరు చెప్పింది. బెత్తం పెట్టి పక్కన కూర్చోబెట్టగలను గానీ, ఇష్టంగా కూర్చోమని బెత్తంతో ఎలా చెప్పను?" ఆవిడ కళ్ళద్దాలు తీసి చీర అంచుతో తుడుచుకున్నారు.

ఆయమ్మ బల్ల మీది దూది తీసి బీరువాలో పెట్టింది. తరువాత, "ఒక్కరు చాలా అమ్మా?" అని అడిగింది.

"ఏమిటి?"

"పక్కన కూర్చునేవాళ్ళు. ఒక్కరుంటే ఆ తల్లి ఆగుతుందా?"

"ఒక్కరున్నా ఆగుతుందనే అనుకుంటాను," అని ఆవిడ వెళ్ళిపోయారు.

ఆయమ్మ స్టూలు మీద కూర్చుంది. చెయ్యి మళ్ళీ లాగుతోంది. ఈసారి మోచేతి దాకా దిగింది. దానికేం గానీ, నాలుగింటి లోపల ఏం చెయ్యాలి? ఆమె చేయగలిగిందంతా ఎప్పుడో చేసింది. తోడు లేకుండా మంచం మీద పడుకోకూడదు, ఒకరిని పంపండి అని ఒకసారి మూడో తరగతి టీచరుకు కబురు పెట్టింది. టీచరు ఒక పిల్లను పంపింది. ఆ పిల్ల గుమ్మం బయటే నిలబడి, గోడను కూడా తాకకుండా, గంట కొట్టేదాకా పాదాలు మార్చుకుంటూ ఉంది. అదంతా మంచం మీద నుంచి పిచుక చూస్తూనే ఉంది. ఆ తరువాత ఆయమ్మ ఇంకెవరినీ పిలవలేదు.

మూడో పీరియడులో పిచుక వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి, అడక్కముందే జవాబు చెప్పింది.

"ఎవరూ లేరు."

"సరే, రా తల్లీ."

నాలుక కింద థర్మామీటరు పెట్టింది. జ్వరం లేదు. పడుకోబెట్టి పొట్ట నొక్కింది. మెత్తగా ఉంది. కుడివైపు కింద నొక్కి వదిలింది. పిల్ల మొహంలో మార్పు లేదు. చెంచాతో నీళ్ళు పోస్తుంటే పిచుక నోరు తెరిచి, మింగి, మళ్ళీ తెరిచి, ఆరో చెంచా దగ్గర ఆగింది.

"ఇవాళ మా అమ్మ వస్తుంది."

"తెలుసమ్మా."

"కొత్త బడిలో కూడా ఇలాంటి గది ఉంటుందా ఆయమ్మా?"

చెంచా గిన్నెలో పెట్టేసింది ఆయమ్మ. ఆ ప్రశ్న ఆమెకు బాగా తగిలింది. బల్ల ఉంటుందా, ఆటస్థలం ఉంటుందా, అక్కడి పిల్లలు ఎలా ఉంటారు అని అడగలేదు ఆ పిల్ల. దాక్కోవడానికి చోటుంటుందా అని అడిగింది. నాలుగు నెలలుగా తాను ఇచ్చింది మందు అనుకుంటోంది. ఇచ్చింది దాక్కునే చోటు. ఇంకా నిజం చెప్పాలంటే, పిచుక రావడం ఆమెకు ఇష్టం. మూడో పీరియడు గంట కాగానే గుమ్మం వైపు చూసేది. పిల్ల పడుకుని కాళ్ళూపుతూ ఏవేవో చెబుతుంటే, ఆ మెట్ల కింద గదిలో తనకూ ఒక మనవరాలున్నట్టు ఉండేది. ఇంకెవరినీ పిలవకపోవడంలో జాలి ఎంతుందో, స్వార్థమూ అంతే ఉంది. అది తెలిసి ఆమెకు సిగ్గేసింది.

"ఉండకపోతే బాగుండు," అంది ఆయమ్మ చివరికి.

పిచుక అర్థం కానట్టు చూసింది.

మధ్యాహ్నం పిచుక తన డబ్బా మంచం అంచున కూర్చుని తినేసింది. ఆయమ్మ తన డబ్బా మూత కూడా తియ్యలేదు. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు, వాంతి వచ్చీ రానట్టు ఉంది. బయట ఆటస్థలంలో గోల ఒక్కసారిగా ఎక్కువై, తరువాత ఆగిపోయింది. అలా ఆగితే ఎవరికో దెబ్బ తగిలినట్టు లెక్క. ఆయమ్మ లేచి కెటిల్‌లో గోరువెచ్చటి నీళ్ళు చూసుకునేలోగా పిల్లల గుంపు రానే వచ్చింది.

పడింది మూడో తరగతి లీడరు. పొడుగు పిల్ల, రెండు జడల పిల్ల, తరగతిలో టీచరు లేకపోతే బోర్డు మీద అల్లరివాళ్ళ పేర్లు రాసే పిల్ల. మోకాలి చిప్ప మీద తోలు లేచిపోయి, దాంట్లో ఇసుక ఇరుక్కుని ఉంది. నెత్తురు మేజోడు దాకా కారింది. వెంట ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గురూ ఆమెకన్నా ఎక్కువ ఏడుస్తున్నారు.

"మీరు వెళ్ళండి, గంట కొట్టేస్తారు," అని ఆయమ్మ ఆ ముగ్గురినీ పంపేసి, లీడరును మంచం మీద కూర్చోబెట్టింది. పిచుక అప్పటికే లేచి గోడ మూలకు వెళ్ళి నిలబడింది. తనను ఎవరూ తాకకుండా ఎంత జాగా వదలాలో ఆ పిల్లకు కొలిచినట్టు తెలుసు.

ఇసుక పోవాలంటే ఒక చేత్తో పళ్ళెం మోకాలి కింద పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ళు పొయ్యాలి. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని. ఆయమ్మ కుడి చేత్తో కెటిల్ అందుకుంది. ఎడమ చేత్తో పళ్ళెం ఎత్తబోయింది. చెయ్యి రాలేదు. వేళ్ళు పళ్ళెం అంచును పట్టుకున్నాయి గానీ, భుజం నుంచి మోచేతి దాకా ఇసుక బస్తా కట్టినట్టుంది. పళ్ళెం జారి నేల మీద గణగణమని దొర్లింది.

"పిచుకా, ఆ పళ్ళెం తియ్యి. నువ్వు కడగాలి."

పిచుక కదల్లేదు. లీడరు మోకాలు వెనక్కి లాక్కుంది.

"ఆ అమ్మాయి వద్దు."

"నా చెయ్యి లేవట్లేదమ్మా."

"అబద్ధం," అంది లీడరు, ఏడుపు మధ్యలోనే. "పోయినేడు కూడా మీరు ఇలాగే నడుం నొప్పి అన్నారు. నాచేతా మా అన్నచేతా దుప్పటి మడత పెట్టించారు. తరవాత మీరే బకెట్టు ఎత్తుకుని వెళ్ళారు. నేను చూశాను."

ఆయమ్మ స్టూలు మీద కూలబడింది. నుదుటి మీద చెమట పట్టి కనుబొమ్మల దాకా దిగింది. నవ్వు వచ్చింది, నవ్వలేకపోయింది.

"నిజమే తల్లీ. అవన్నీ అబద్ధాలే. ఇది మాత్రం నిజం. ఒట్టు."

లీడరు ఆమె మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియదు. కానీ మోకాలు మండుతోంది, నెత్తురు ఇంకా కారుతోంది, గదిలో వేరే చేతులు లేవు. మెల్లగా కాలు ముందుకు చాపింది.

పిచుక పళ్ళెం తీసి, కడిగి, మోకాలి కింద పెట్టింది. రెండు చేతులతో కెటిల్ పట్టుకుని సన్నటి ధార పోసింది. నాలుగు నెలలుగా ఆ మంచం మీద నుంచి ఎన్ని దెబ్బలు కడగడం చూసిందో, ఎవరూ చెప్పకుండానే పై నుంచి కిందికి పోసింది, దూదిని తడిపి పిండింది, రుద్దకుండా అద్దింది. నీళ్ళు మొదట ఎర్రగా, తరువాత లేతగా, తరువాత తెల్లగా పడ్డాయి. మందు రాసేటప్పుడు లీడరు కెవ్వుమని పక్కనున్న దాన్ని గట్టిగా పట్టుకుంది. పక్కనున్నది పిచుక మణికట్టు. పిచుక వంగి మోకాలి మీద ఊదింది. మంట తగ్గేదాకా ఊదుతూనే ఉంది.

కట్టు కట్టేటప్పుడు ఆయమ్మ మాటలతో చెప్పింది. "రెండు చుట్లు కింద. ఒకటి మీద. బిగించకు. ఆ, అంతే." చెప్పే మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది.

లీడరు తన చెయ్యి వంక, పిచుక మణికట్టు వంక చూసుకుంది. వదల్లేదు.

"నీకింకా ఉన్నాయా?" అని అడిగింది. వెక్కిరింపు లేదు ఆ అడగడంలో. తెలుసుకోవాలని అడిగింది.

"లేవు. ఎప్పుడో పోయాయి," అంది పిచుక. "చూడు కావాలంటే."

తల వంచింది. లీడరు కాసేపు తటపటాయించింది. తరువాత రెండు చేతులతో ఆ పొట్టి జుట్టు పాయలు తీసి, కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, చెవుల వెనక చూసింది, మెడ దగ్గర చూసింది. బోర్డు మీద పేరు రాసే ముందు ఎంత జాగ్రత్తగా చూస్తుందో అంత జాగ్రత్తగా చూసింది. పిచుక కళ్ళు మూసుకుని నిలబడింది. అమ్మ చెయ్యి, ఆయమ్మ చెయ్యి కాకుండా ఇంకొకరి చెయ్యి ఆ తల మీద పడి నాలుగు నెలలయింది.

"లేవు," అని తేల్చింది లీడరు. "మరి లేవని ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు."

గంట కొట్టారు. లీడరు దిగి నిలబడబోయి "అమ్మా" అంటూ కూర్చుంది. ఆయమ్మ గుమ్మం వైపు చూపించింది.

"ఒక్కదానివే నడవలేవు. పిచుకా, నువ్వు తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టు. మెల్లగా వెళ్ళండి. పక్కనే ఉండు, మళ్ళీ లేవాల్సొస్తే పట్టుకోవాలి కదా."

లీడరు చెయ్యి పిచుక భుజం మీద వేసింది. పొడుగు పిల్లా పొట్టి పిల్లా, ఒకే అడుగు వెయ్యడం కుదరక తడబడుతూ, వరండా చివర మలుపు తిరిగారు. పిచుక వెనక్కి తిరిగి చూడలేదు. రోజూ వెళ్ళేటప్పుడు మూడుసార్లు చూసే పిల్ల. ఆయమ్మకు సంతోషంతో పాటు కాస్త కష్టంగానూ అనిపించింది. అది కూడా మంచిదేలే అనుకుంది.

లేచి హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పి రావాలి. లేవలేకపోయింది. ఛాతీ మీద ఎవరో నిదానంగా కూర్చుంటున్నట్టుంది. ఇలా ఉందని ఎవరికైనా చెప్పాలా? చెబితే టీచర్లు నవ్వుతారు. ఇవాళ ఎవరిని కలుపుతున్నావ్ ఆయమ్మా అంటారు. అదీ గాక, జ్వరం లేదు, దగ్గు లేదు, వాపు లేదు. ఏ తోడూ లేకుండా ఒక్కటే వచ్చిన నొప్పి. అలా వచ్చే నొప్పులన్నీ ఏమిటో తనకు తెలియవా? భర్త పోయిన కొత్తలో కూడా ఇలాగే గుండెలో పట్టేసేది, వదిన తిట్టగానే పోయేది. థర్మామీటరు బీరువాలో చేతికందే దూరంలోనే ఉంది, ఆఫీసు గదిలో ఫోను ఉంది. వేరే ఎవరైనా ఆ గుమ్మం దగ్గరికి అలాంటి మొహంతో వచ్చి ఉంటే ఆలోచించకుండా పరిగెత్తి ఉండేది.

అయిదు నిమిషాలు నడుం వాలిస్తే సర్దుకుంటుందనుకుంది. ఇరవై రెండేళ్ళలో ఆ మంచం మీద ఆమె ఎప్పుడూ పడుకోలేదు, అది పిల్లలది. ఇవాళ పక్కకు ఒరిగి పడుకుంది. మోకాళ్ళు ముడుచుకున్నా పాదాలు కమ్మీ దాటి బయటికే వచ్చాయి. గోడ అవతల మూడో తరగతి ఎక్కాలు చదువుతోంది. అందరి గొంతులూ కలిసిపోయి ఎవరిదేదో తెలియడం లేదు. వాటిల్లో పిచుక గొంతు ఉందా అని వినడానికి కళ్ళు మూసుకుంది. ఆరో ఎక్కం అయింది. ఏడో ఎక్కం మొదలైంది. ఎక్కం పూర్తయ్యేసరికి మెట్ల కింది గదిలో వినేవాళ్ళు లేరు.

ఆఖరి పీరియడులో లీడరు లేచి నిలబడి, "టీచర్, ఆయమ్మ చెయ్యి లేవట్లేదు. మేం చూసొస్తాం" అంది.

"ఆయమ్మ చెయ్యి ఎప్పుడు లేచింది గనక," అని టీచరు నవ్వింది. కానీ మేం అన్న మాట విని తల ఎత్తింది. లీడరు పక్కన, అదే బెంచీ మీద, పిచుక కూర్చుని ఉంది. టీచరు ఇంకేం అడక్కుండా వెళ్ళి రమ్మంది.

ఇద్దరూ వెళ్ళారు. ఆయమ్మ నిద్రపోతోంది. పెద్దవాళ్ళు పగలు నిద్రపోతే లేపకూడదని ఇద్దరికీ తెలుసు. చెయ్యి విరిగిన వాళ్ళకు మెడలో గుడ్డ వేలాడదీసి దాంట్లో చెయ్యి పెడతారని లీడరు అంది. బీరువా తలుపు తీస్తే చప్పుడవుతుంది, గుడ్డ దొరకలేదు. కాసేపు గుసగుసలాడుకున్నారు. లీడరు తన జడ రిబ్బను ఒకటి విప్పింది. పిచుక కూడా, ఇప్పుడిప్పుడే పిలకంత కట్టడానికి వస్తున్న జుట్టు నుంచి తన రిబ్బను విప్పింది. రెండూ కలిపి ముడి వేశారు. మెడ కింద నుంచి తియ్యబోతే లేస్తుందేమోనని, ఆమె చేతి పక్కన పెట్టి, మునివేళ్ళ మీద బయటికి వచ్చారు. లేచాక తనే వేసుకుంటుందని అనుకున్నారు.

నాలుగింటికి పిచుక తల్లి వచ్చింది. ఆఫీసు గదిలో టీసీ బల్ల మీద ఉంది. పిచుక పరిగెత్తుకొచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. జుట్టు మొహం మీద పడుతోంది.

"అమ్మా, కొత్త బడికి ఎల్లుండి వెళదామా? రేపు నేను లీడరు కట్టు మార్చాలి. నాకే వచ్చు."

తల్లి హెడ్‌మిస్ట్రెస్ గారి వైపు చూసింది. ఆవిడ ఏమీ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపారు. ద్వారం దగ్గర పొడుగు పిల్ల ఒకతె, కట్టు కట్టిన మోకాలు చాపుకుని, పిచుక సంచీ కూడా తన భుజానికే తగిలించుకుని ఎదురు చూస్తోంది. తల్లి చాలాసేపు ఆ పిల్లనే చూసింది. టీసీని ముట్టుకోలేదు. "రేపు రానివ్వండి. తరవాత చూద్దాం," అంది.

వాళ్ళు ముగ్గురూ గేటు దాటాక, ఈ మాట చెబుదామని హెడ్‌మిస్ట్రెస్ గారు తనే వెళ్ళారు. వరండాలోంచే, "ఆయమ్మా, ఆగింది! ఒక్కరు చాలు!" అంటూ తల వంచి మెట్ల కిందికి దూరారు.

సాయంత్రం వదిన వచ్చేసరికి ఆయమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళిపోయారు. తీసుకెళ్ళే అవసరం లేదని అందరికీ తెలిసినా తీసుకెళ్ళారు. వదిన మూత తియ్యని డబ్బా తీసుకుంది, గుమ్మం పక్కనున్న చెప్పులు తీసుకుంది. మంచం దగ్గర నిలబడి, దుప్పటి మీద పడిన ముడత అరచేత్తో రెండుసార్లు సవరించింది. రిబ్బన్లు చేతికి తగిలాయి. తీసి చూసి, "ఇవి మా ఆడపడుచువి కావు," అని ఉన్నచోటే పెట్టేసింది.

రెండూ ఎర్రవే. ఒకటి కొత్తది, ఒకటి ఉతికి ఉతికి వెలిసిపోయింది. మధ్యలో, పిల్లల చేతులు వేసిన చిన్న ముడి, విప్పడానికి రానంత గట్టిగా ఉంది.